నీళ్లు కక్కని ముసలి మోటారు

"ఆపు నాయనా, ఆపు! ఆవిరొస్తోంది!" అని వంటింటి గుమ్మంలోంచి అమ్మమ్మ కేక పెట్టింది.

నాన్న గబుక్కున మోటారు ఆపేశాడు. పెరట్లో నీళ్ల డ్రమ్ముకు తగిలించిన ఆ మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దాని నెత్తిమీంచి తెల్లగా ఆవిరి లేచింది. నాన్న వేలు పెట్టి చూసి "అమ్మో!" అంటూ చెయ్యి విదిలించుకున్నాడు.

అది పడవ వెనక తగిలించే మోటారు. తాతయ్య కొన్నది. వయసులో నాన్నకన్నా పెద్దది కాబట్టి ఇంట్లో అందరూ దాన్ని "ముసలాయన" అంటారు. తిరుగుతున్నంతసేపూ అది కిందినుంచి నీళ్లు పీల్చుకుని, ఒళ్లంతా చల్లబరుచుకుని, వెనకున్న చిన్న బెజ్జంలోంచి ఆ నీళ్లను ధారగా బయటికి కక్కాలి. ధార వస్తుంటే మోటారు క్షేమంగా ఉన్నట్టు. ఇవాళ ధార లేదు. చుక్కలు రాలాయి, అంతే.

"మీ మామగారికీ ఇదే జబ్బు" అంది అమ్మమ్మ. "ఊరికే వేడెక్కిపోయేవారు. కాసిని నీళ్లు తాగండీ అంటే తాగేవారు కాదు."

నాన్న నవ్వాడు. గిలక్కాయ నవ్వలేదు.

గిలక్కాయ అంటే పదేళ్ల పిల్ల. పొద్దున లేచింది మొదలు గలగలా వాగుతూనే ఉంటుందని అమ్మమ్మ పెట్టిన పేరు. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. క్లాసులో ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో ఇంటికి వచ్చేలోపే వీధి మొత్తానికీ తెలిసిపోతుంది. అలాంటి పిల్ల ఇవాళ తేలు కుట్టిన దొంగలా డ్రమ్ము పక్కన నిలబడి ఉంది.

ఎందుకో చెప్పాలంటే ముందు అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మ నర్సు. సరస్సు మధ్యలో ఉన్న దీవిలో చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడ ఆమె ఒక్కతే నర్సు. తాతయ్య ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున ఆమెను ఈ మోటారు పడవలోనే దింపి, సాయంత్రం తీసుకొచ్చేవాడు. పడవ మలుపు తిరగకముందే ముసలాయన చప్పుడు వినబడేది. పుట పుట పుట పుట. అది చెవిన పడగానే గిలక్కాయ చేతిలో ఏముంటే అది పడేసి రేవుకు పరిగెత్తేది. తాతయ్య పోయాక అమ్మ దీవిలోనే ఉండిపోయి, వారానికోసారి లాంచీలో రావడం మొదలుపెట్టింది.

ఇప్పుడు లాంచీ కూడా చెడిపోయింది. ఇంజనులో ఏదో భాగం విరిగి ఒడ్డున పడుంది. అమ్మ బదులు పనిచేయడానికి వెళ్లే ఇంకో నర్సమ్మ కూడా ఆ లాంచీలోనే వెళ్లాలి. ఆవిడ వెళ్లకపోతే అమ్మ రాలేదు. అలా నెల దాటిపోయింది. అమ్మ దిండు మీద వాసన కూడా పోయింది. గిలక్కాయ రోజూ ఆ దిండు మీదే పడుకుంటోంది కదా, ఇప్పుడు అందులో తన తలనూనె వాసనే వస్తోంది.

"అమ్మ రాలేకపోతే మనమే వెళ్దాం" అన్నాడు నాన్న ఒకరోజు. "ముసలాయన్ని లేపుదాం."

నాన్న బడిలో డ్రాయింగు మాస్టారు. మోటార్ల సంగతి ఆయనకు బొత్తిగా తెలీదు. అయినా షెడ్డులో మోటారును చెక్క స్టాండు మీద నిలబెట్టి తుడిచాడు. కొత్త ప్లగ్గు వేశాడు. పెట్రోలు పోశాడు. "శనివారం డ్రమ్ములో పెట్టి చూద్దాం. నీళ్లు లేకుండా మాత్రం తిప్పకూడదు" అన్నాడు. గిలక్కాయ ఆ మాట విన్నది. కానీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

బుధవారం సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. గిలక్కాయ షెడ్డులోకి వెళ్లి ముసలాయన ముందు నిలబడింది. దాని తాడు వేలాడుతోంది. ఒక్కసారి ఆ చప్పుడు వినాలనిపించింది. ఒక్కసారంటే ఒక్కసారే. రెండు చేతులతో తాడు లాగింది. ఏమీ కాలేదు. ఇంకోసారి, కాలు స్టాండుకు తన్ని పెట్టి, బలమంతా పెట్టి లాగింది.

పుట పుట పుట పుట!

గిలక్కాయ కళ్లు మూసుకుంది. మలుపు దగ్గర పడవ. పడవలో తాతయ్య. ముందు బల్ల మీద అమ్మ, ఒళ్లో సంచీ. ఇంకొంచెంసేపు కళ్లు మూసుకుంటే దిగుతుంది, "ఏమే, అన్నం తిన్నావా?" అంటుంది. ఇంకొంచెంసేపు. ఇంకొంచెంసేపు. ముక్కుకు రబ్బరు కాలిన వాసన కొట్టేదాకా ఆ పిల్ల కళ్లు తెరవలేదు.

అప్పుడు గాభరాగా ఆపేసింది. కిటికీ తెరిచి, అట్టముక్కతో పొగంతా బయటికి విసిరింది. ఎవరికీ చెప్పలేదు. మోటారు మామూలుగానే కనబడింది కదా, ఏమీ అయి ఉండదులే అనుకుంది.

మరి ఇప్పుడు ధార రావడంలేదు.

నాన్న పని మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి ఆయనది. ఏ భాగం విప్పినా సుద్దముక్కతో షెడ్డు నేల మీద దాని బొమ్మ గీసి, ఆ బొమ్మ మీదే దాన్ని పెట్టేవాడు. అలా అయితే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదట. ముందు నీళ్లు పీల్చే జల్లెడ విప్పి నాచు గీకాడు. తర్వాత ధార వచ్చే బెజ్జంలో సన్నటి తీగ దూర్చి పొడిచాడు. మళ్లీ డ్రమ్ములో తిప్పాడు. మళ్లీ ఆవిరే.

సాయంత్రం థర్మోస్టాట్ విప్పాడు. అది రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది. మోటారు వేడెక్కినప్పుడు తలుపులా తెరుచుకుని నీళ్లు వదలడం దాని పని. అది పనిచేస్తోందో లేదో చూడటానికి గిన్నెలో నీళ్లు మరిగించి అందులో వేశాడు.

"ఏం వండుతున్నావు నాయనా?" అంది అమ్మమ్మ గిన్నెలోకి తొంగిచూసి.

"థర్మోస్టాట్ అత్తయ్యా."

"ఉప్పు వేశావా?"

గిన్నెలో థర్మోస్టాట్ మెల్లగా నోరు తెరిచింది. అంటే దానిలో లోపం లేదు. నాన్న నుదురు రుద్దుకున్నాడు.

మర్నాడు డీజిల్ బాబాయ్‌ని పిలిచాడు. లాంచీ మెకానిక్‌ ఆయన. ఎంత సబ్బు పెట్టి రుద్దుకున్నా ఒంటికి డీజిలు వాసన పోదు, అందుకని ఆ పేరు. ఆయన మోటారు చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డం గోక్కున్నాడు.

"మామూలుగా అయితే కిందున్న పంపును అనుమానిస్తాం మాస్టారూ. అందులో రబ్బరు చక్రం ఉంటుంది. నీళ్లను పైకి తోసేది అదే. కానీ ఆ చక్రం కొత్తది. తాతగారు పోయే ముందే నాచేత వేయించారు. నీళ్లు లేకుండా తిప్పితే తప్ప అది పాడవదు. అలా ఎవరైనా తిప్పారా?"

గిలక్కాయ నేలచూపులు చూసింది.

"మా ఇంట్లోనా?" అన్నాడు నాన్న. "నేను, అత్తయ్య, ఈ పిల్ల. ఎవరు ముట్టుకుంటారు? ఒకవేళ మా గిలక్కాయ ముట్టుకుని ఉంటే ఈపాటికి ఊరంతా తెలిసేది!"

ఇద్దరూ పకపకా నవ్వారు. గిలక్కాయ నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. ఇప్పుడు చెప్తే నాన్నను బాబాయ్ ముందు చిన్నబుచ్చినట్టు ఉంటుంది, బాబాయ్ వెళ్లాక చెప్తాననుకుంది. బాబాయ్ వెళ్లాక, అన్నాలయ్యాక చెప్తాననుకుంది. అన్నాలయ్యాక నిద్ర వచ్చినట్టు నటించింది.

"పంపు బాగుంటే పైన గొట్టాలు పూడి ఉంటాయి" అని బాబాయ్ చెప్పి వెళ్లాడు. ఇంకేముంది, నాన్న ఆ వారమంతా రోజూ సాయంత్రం మోటారు తల విప్పి, ఉప్పూ తుప్పూ గీకుతూ కూర్చున్నాడు. ఏ తప్పూ లేని చోట తప్పు వెతుకుతున్నాడు. గిలక్కాయ పక్కన కూర్చుని స్పానర్లు అందించింది. అడగకముందే మంచినీళ్లు తెచ్చింది. బడిలో తనకిచ్చిన చాక్లెట్టు కూడా నాన్నకే ఇచ్చింది. ఒక్క మాట తప్ప అన్నీ ఇచ్చింది.

"దీనికి ఒంట్లో బాగాలేదా?" అంది అమ్మమ్మ, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి. అమ్మమ్మ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. గిలక్కాయ తల తిప్పేసుకుంది.

శనివారానికి కొంచెం ధార వచ్చింది. సన్నటిదే, కానీ వచ్చింది. నాన్న ఎగిరి గంతేశాడు. తొందర కూడా ఉంది మరి. ఇంకో వారంలో గాలులు మొదలవుతాయి. అవి మొదలైతే రేవు కాపలాదారు చిన్న పడవల్ని వదలడు. లాంచీ బాగయ్యేసరికి రెండు నెలలు పట్టేలా ఉంది.

ఆదివారం పొద్దున నాన్నా, గిలక్కాయా బయలుదేరారు. అమ్మమ్మకు నీళ్లంటే భయం. ఆవిడ రేవులో నిలబడి చెయ్యి ఊపింది. పడవలో అమ్మకు ఉతికిన బట్టలు, రొట్టెలు, గిలక్కాయ వేసిన బొమ్మలు.

మలుపు దాటారు. నాన్న వేగం పెంచాడు. దూరంగా దీవి పచ్చటి గీతలా కనిపించింది. గిలక్కాయకు అంతా మరిచిపోవాలనిపించింది. ముసలాయన బాగుపడ్డాడు, ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

అంతలో ఆ వాసన. ధార చుక్కలైంది. చుక్కలు ఆవిరయ్యాయి. ముసలాయన పెద్దగా మూలిగి ఆగిపోయాడు.

నాన్న అటు చూశాడు, ఇటు చూశాడు. దీవి దూరం. ఇల్లే దగ్గర. తెడ్లు తీశాడు. పడవ వెనక్కి తిరిగింది. గిలక్కాయ దీవి వైపే చూస్తూ కూర్చుంది. అక్కడ రేవు మీద ఎవరో నిలబడ్డట్టు ఉంది. అమ్మే అయి ఉంటుంది. అమ్మ కాకపోయినా అమ్మే అనిపించింది. పడవ వెళ్తున్నకొద్దీ ఆ మనిషి చిన్నదై, చిన్నదై, పచ్చగీతలో కలిసిపోయింది.

ఇంటికి చేరాక నాన్న ఫోన్ చేశాడు. "తప్పు నాదే. నాకు రాని పని నెత్తినేసుకున్నాను. పిల్లకు ఆశపెట్టి వెనక్కి తెచ్చాను" అన్నాడు అమ్మతో. ఫోన్ పెట్టేశాక అరచేతులు చాచి కూర్చున్నాడు. తెడ్లు వేసీ వేసీ రెండు చేతులూ బొబ్బలెక్కాయి. రేపు సుద్దముక్క కూడా పట్టుకోలేడు. అమ్మమ్మ వెన్న రాస్తుంటే పళ్లు బిగించాడు.

"నాన్నా" అంది గిలక్కాయ. "తప్పు నీది కాదు. నాది."

ఒకసారి మొదలయ్యాక మాటలు గలగలా వచ్చేశాయి. బుధవారం, తాడు, చప్పుడు, రబ్బరు కాలిన వాసన, కిటికీ, అట్టముక్క. నాన్న అంతా విన్నాక అడిగాడు.

"బాబాయ్ అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా?"

"ఉన్నాను."

నాన్న లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. చాలాసేపటిదాకా రాలేదు. గిలక్కాయ గుమ్మం పట్టుకుని నిలబడింది. అమ్మమ్మ వెన్నగిన్నె మూత పెట్టింది.

చివరికి పెరట్లోంచి నాన్న గొంతు వినబడింది. "స్పానర్లు పట్రా. నా చేతులు పనిచేయవు. నువ్వే విప్పాలి."

ఆ మాటతో గిలక్కాయ ప్రాణం లేచొచ్చింది. కానీ ముందు ఫోన్ తీసుకుంది. "అమ్మకు నేనే చెప్తాను" అంది.

అమ్మ అంతా విని, "ఎందుకు తిప్పావే?" అని అడిగింది.

"నువ్వు వస్తున్నట్టు ఉంటుందని."

"పేషెంటొచ్చారు, మళ్లీ మాట్లాడతా" అని అమ్మ పెట్టేసింది. కానీ పేషెంటు గొంతు గానీ, తలుపు చప్పుడు గానీ గిలక్కాయకు వినబడలేదు.

కింద పంపు విప్పేసరికి రెండు సాయంత్రాలు పట్టింది. బోల్టులు తుప్పుపట్టి మొరాయించాయి. లోపల రబ్బరు చక్రం చూసి డీజిల్ బాబాయ్ పెదవి విరిచాడు. చుట్టూ పూరేకుల్లా ఉండాల్సిన రెక్కలు మాడి, విరిగి, చక్రం బోడిగా మిగిలింది.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు కదే" అన్నాడు గిలక్కాయతో. తర్వాత నాన్నవైపు తిరిగాడు. "కొత్త చక్రం నా దగ్గరుంది మాస్టారూ. కానీ విరిగిన ముక్కలన్నీ ఏరాలి. ఒక్కటి గొట్టంలోకి ఎక్కినా మళ్లీ దారి మూసేస్తుంది."

నాన్న నేలమీద చక్రం బొమ్మ గీశాడు, రెక్కలతో సహా. గిలక్కాయ పంపులో దొరికిన ఒక్కో ముక్కనూ కడిగి ఆ బొమ్మ మీద పేర్చింది. అన్నీ సరిపోయాయి. ఒక్క రెక్క కొసన మాత్రం చిటికెన వేలి గోరంత ఖాళీ మిగిలింది.

"అంత చిన్నది ఎప్పుడో నీళ్లతో బయటికి పోయుంటుందిలే" అన్నాడు బాబాయ్.

శనివారం మధ్యాహ్నం కొత్త చక్రంతో ముసలాయన్ని డ్రమ్ములో పెట్టారు. తిప్పగానే బెజ్జంలోంచి ధార ఎగిరి అమ్మమ్మ ఆరేసిన దుప్పటిని తడిపేసింది. "నా దుప్పటి!" అంటూనే అమ్మమ్మ చప్పట్లు కొట్టింది. లాంచీ సామాను తేవడానికి బాబాయ్ పట్నం బస్సెక్కాలి. "ఇంకేం, రేపు పొద్దున బయలుదేరండి. ఎల్లుండి నుంచి చిన్న పడవలు బంద్ అట" అని ఆయన వెళ్లిపోయాడు. నాన్న సంచీలు సర్దడానికి లోపలికి నడిచాడు.

గిలక్కాయ ఒక్కతే ధార చూస్తూ కూర్చుంది. ఎంత బాగుందో! రేపీపాటికి అమ్మ దగ్గర ఉంటుంది.

అంతలో ధార సన్నబడింది. ఒక్క క్షణమే. మళ్లీ మామూలుగా వచ్చేసింది.

ఎవరూ చూడలేదు. ఒకవేళ తన కళ్లే మోసం చేశాయేమో. చెప్తే మళ్లీ అంతా విప్పాలి. బాబాయ్ లేడు. నాన్న చేతులు ఇంకా మానలేదు. తెల్లారేలోపు అవకపోతే రేపు లేదు. రేపు లేకపోతే రెండు నెలలు లేదు. దుప్పటి పిండుతూ అమ్మమ్మ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. గిలక్కాయ ధార వంకే చూసింది. అది చక్కగా, ఏమీ ఎరగనట్టు వస్తోంది.

"నాన్నా!" అని అరిచింది. "ఆపెయ్యి! ధార సన్నబడింది!"

నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. "బాగానే వస్తోందిగా?"

"ఇందాక సన్నబడింది. ఒక్కసారే. నేను చూశాను."

నాన్న కూతురి ముఖంలోకి చూశాడు. ఇంకేమీ అడగకుండా మోటారు ఆపేశాడు.

ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. చేతులు నొప్పెట్టినప్పుడల్లా నాన్న చెప్పేవాడు, గిలక్కాయ తిప్పేది. అమ్మమ్మ దీపం తెచ్చి పట్టుకుంది. పంపు పైన ఉన్న రాగి గొట్టం విడదీసి నాన్న గట్టిగా ఊదాడు. రాలేదు. ఇంకోవైపు నుంచి గిలక్కాయ బుగ్గలు బూరెల్లా పొంగేలా ఊదింది. టప్పుమని చిన్న నల్లముక్క నేలమీద పడింది. తీసుకెళ్లి సుద్దబొమ్మలో ఖాళీ మీద పెట్టింది. అచ్చంగా సరిపోయింది.

"ఇది నడిసరస్సులో అడ్డం పడి ఉంటే..." అని నాన్న ఆగిపోయాడు. ఆయన చెయ్యి కూతురి తలమీద పడి, కాసేపు అక్కడే ఉంది.

అందరూ భోంచేసే వేళ దాటాక చివరి బోల్టు బిగించారు.

తెల్లవారింది. గాలి ఇంకా లేవలేదు. పడవ బయలుదేరింది. నాన్న వెనక కూర్చుని మోటారు పట్టుకున్నాడు. గిలక్కాయ ఆయనకు ఎదురుగా, దీవికి వీపు పెట్టి కూర్చుంది. అటు తిరిగితేనే ధార కనబడుతుంది. సూటిగా, పెన్సిలంత లావున వస్తోంది.

మలుపు దాటారు. పోయినసారి ఆగిపోయిన చోటూ దాటారు.

"దీవి వచ్చేస్తోంది, అటు చూడు" అన్నాడు నాన్న.

"నువ్వు చూసి చెప్పు నాన్నా. నేను ధార చూస్తున్నా."

"రేవు మీద ఎవరో ఉన్నారు."

గిలక్కాయ మెడ దానంతట అదే తిరగబోయింది. రెండు చేతులతో బల్ల గట్టిగా పట్టుకుంది. "అమ్మేనా?"

"తెల్ల చీర. చెయ్యి ఊపుతోంది. పరిగెత్తుకుంటూ మెట్లు దిగుతోంది."

"గిలక్కాయా!"

వెనకనుంచి ఆ గొంతు నీళ్ల మీదుగా వచ్చి తగిలింది. ఎన్నాళ్లయిందో విని. పిల్ల కళ్లు నిండిపోయి ధార మసకబడింది. మోచేత్తో కళ్లు గట్టిగా తుడుచుకుని మళ్లీ చూసింది. ధార అలాగే ఉంది, సన్నబడలేదు.

"ఒసే గిలక్కాయా! ఇటు చూడవే!"

"ఒక్క నిమిషం అమ్మా!" అని తిరగకుండానే అరిచింది.

పడవ మెట్లను ఒరుసుకుంది. నాన్న మోటారు ఆపాడు. ధార వంగింది, చుక్కలైంది, ఆగింది.

అప్పుడు గిలక్కాయ వెనక్కి తిరిగింది.